సింహాచలం బాబాయి తుండుగుడ్డ

మా అమ్మ చేతిలోని అట్లకాడ నా వీపుకి సరిగ్గా అందే ఎత్తులో నేనున్న రోజులవి... దేశ రాజధానిలో, ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్సులో ఉండేవాళ్ళం. ఇంటి వెనకాల ఖాళీ స్థలం. సాయంత్రమయ్యేసరికి అక్కడ సున్నంతో గీతలు గీసుకుని కబడ్డీ...

ఆట నేర్పేది సింహాచలం బాబాయి. ఆయనదీ మా నాన్నదీ శ్రీకాకుళం పక్కన ఒకే ఊరు. కబడ్డీ బాగా ఆడతాడనే ఆయనకి సర్కారు ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. ఆడటమే పని, దానికే జీతం. కూతకొచ్చినవాడి చీలమండ ఆయన పట్టాడంటే... వాడు 'కబడ్డీ కబడ్డీ' మర్చిపోయి 'అరే మా, అరే మా' అని వాళ్ళమ్మని తలుచుకోవాల్సిందే.

ఒక మ్యాచ్‌లో మోకాలు పోయింది. ఇక ఆడొద్దన్నారు డాక్టర్లు. ఆఫీసులో పెద్ద సాబ్ ఒకటే మాట చెప్పాడట. "పిల్లల చేత నా ముందు ఒక మ్యాచ్ ఆడించు. నచ్చితే కోచ్‌గా ఉంటావు. లేకపోతే రికార్డు రూముకి." రికార్డు రూమంటే ఫైళ్ళ కట్టలు మోస్తూ రోజంతా నాలుగంతస్తులు ఎక్కి దిగడం. ఆ మోకాలితో...

ఇదంతా తెలిసి కూడా నేను వెధవ పనులు మానలేదు. ఆయన వెనకాల కుంటుతూ నడిచి అందర్నీ నవ్వించేవాణ్ణి. ఆయన వెనక్కి తిరక్కుండానే అనేవాడు, "ఒరే గుంటడా, నాది కుడికాలు. నువ్వు ఎడంకాలు కుంటుతున్నావు. ఏ పనైనా సరిగ్గా సెయ్యాల."

నిజం చెప్పాలంటే బాబాయికి నేర్పడం రాదు. మేం ఎవరినైనా పట్టలేకపోతే ఎందుకు పట్టలేకపోయామో చెప్పేవాడు కాదు. కుంటుకుంటూ గీత దాటి లోపలికొచ్చి, తనే పట్టేసి, "సూసారేటి? అలగ!" అనేవాడు. మేం చప్పట్లు కొట్టేవాళ్ళం. ఒక్క ముక్క తలకెక్కేది కాదు.

మ్యాచ్ రోజు రానే వచ్చింది. పక్క సెక్టారు కుర్రాళ్ళతో. పెద్ద సాబ్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను ఎడమ మూల. మా వెనక గీత అవతల, సరిగ్గా నా వెనకాలే, బాబాయి కుడికాలు చాపుకుని నేల మీద కూర్చున్నాడు.

వాళ్ళలో బిల్లూ అని ఒక హర్యానా కుర్రాడు. నాకంటే జానెడు పొడుగు. కూత పెడుతూ తిన్నగా నా మీదకొచ్చాడు. పట్టనా వద్దా అని నేను ఊగిసలాడుతూనే ఉన్నాను... వాడు వెనక గీత దాకా వచ్చేశాడు. అంతే. నా పక్కనుంచి ఒక చెయ్యి పాములా వచ్చి వాడి చీలమండ పట్టేసింది!

బిల్లూ బోర్లా పడ్డాడు. లేచి చూసి, "అరే అంకల్! ఆప్ భీ ఖేల్ రహే హో క్యా?" అన్నాడు, మీరూ ఆడుతున్నారా అని.

బాబాయి తన చేతిని చూసుకుంటున్నాడు. అదెవరిదో అన్నట్టు...

ఈల మోగింది. వాళ్ళకి ఒక పాయింటు. పెద్ద సాబ్ లేచి నిలబడ్డాడు. "సింహాచలం, యే క్యా హై?" బాబాయి తల దించుకున్నాడు. ఇంతలో సగం ఆట అయిపోయింది. ఇక తిట్లే అనుకున్నాం. బాబాయి తన భుజం మీది తుండుగుడ్డ తీసి నా చేతిలో పెట్టాడు.

"కట్టు."

"దేనికి బాబాయ్?"

"నా సేతులకిరా. ఎనక్కిరిసి కట్టు."

నేను కిసుక్కున నవ్వాను. ఆయన నవ్వలేదు. "గట్టిగా ముడెయ్యి. ఇవి నా మాట ఇనవు."

చేతులు కట్టేసరికి ఆయనకి మిగిలింది నోరొక్కటే. ఆ రోజే మొదటిసారి ఆయన మాకు ఆట చెప్పాడు. బిల్లూ మళ్ళీ వచ్చాడు. వెనకనుంచి మెల్లగా గొంతు. "మొకం సూడకురా, మొకం మోసం సేత్తాది... నడుం సూడు. రానీ... రానీ... ఉండరా, రానీ..." నా చేతులు దురద పెడుతున్నాయి. "ఇప్పుడూ!"

పట్టాను. మిగతా ఆరుగురూ వచ్చి పడ్డారు. బిల్లూ కూత ఆగిపోయింది!

వెనక్కి తిరిగి చూస్తే బాబాయి నేల మీద ఉన్నాడు. మాతోపాటు ఆయనా ముందుకు దూకబోయి, ఆనుకోడానికి చేతుల్లేక పక్కకి పడిపోయాడు. మొహమంతా దుమ్ము... పళ్ళు మాత్రం తెల్లగా!

మ్యాచ్ ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఏ పాయింటో మీకు చెప్పక్కర్లేదు.

నేను ముడి విప్పుతుంటే అది రావట్లేదు. అంత గట్టిగా వేశాను మరి. పెద్ద సాబ్ వచ్చి అలాగే చూస్తూ నిలబడ్డాడు. చివరికి, "సింహాచలం... యే గమ్‌ఛా హర్ మ్యాచ్ మే లానా" అని వెళ్ళిపోయాడు.

తుండుగుడ్డ ప్రతి మ్యాచ్‌కీ తెచ్చుకోమన్నాడు... అంటే ఇంకా మ్యాచ్‌లు ఉన్నాయన్నమాట! ఆ సంగతి మాకంటే ఆలస్యంగా అర్థమైంది బాబాయికి. అర్థమయ్యాక, చేతులింకా కట్టే ఉన్నాయి కదా, కళ్ళు తుడుచుకోడానికి నా చొక్కా వాడుకున్నాడు.

అప్పటినుంచి ఆయన రిటైరయ్యేదాకా ప్రతి మ్యాచ్‌కీ అదే వేషం. నేను ఉన్నన్నాళ్ళూ ఆ ముడి వేసే ఉద్యోగం నాదే.

మొన్న మా మనవడు ఫోన్లో అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ చూపించాడు. తలకి బొచ్చెలు బోర్లించుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటున్నారు. గీత బయట ఒక బండమనిషి గంతులేస్తున్నాడు. "తాతా, యే పహలే లైన్‌బ్యాకర్ థా, అబ్ కోచ్ హై" అన్నాడు మావాడు. ఇప్పుడు కోచే గానీ ఒకప్పుడు లైన్‌బ్యాకరట. లైన్‌బ్యాకరంటే ఏంట్రా అంటే, ఎదురొచ్చినవాణ్ణి పట్టి పడేసేవాడట. ఆ కోచ్ వెనకాల ఇంకొకడు, ఆయన గీత దాటకుండా నడుం బెల్టు పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. వాడికి అదే డ్యూటీ అట!

పగలబడి నవ్వాను. ఆ తర్వాత చాలాసేపు ఆ వెనకాలవాణ్ణే చూస్తూ ఉండిపోయాను...

మేం ఆడిన చోట ఇప్పుడు కార్లు నిలబెడుతున్నారు. బాబాయి లేడు. మావాడు బూటు లేసు వేసుకోడానికి తంటాలు పడుతుంటే నా చెయ్యి దానంతటదే ముందుకెళ్తుంది. "తాతా, మై కర్ లూంగా" అంటాడు వాడు, నేనే కట్టుకుంటానని. ఠీక్ హై అని చెయ్యి జేబులో పెట్టుకుంటాను. నా చేతులకి ముడి వేసేవాళ్ళు లేరు కదా, మరి...

మీరు పట్టేదాకా చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్ళు మీకూ ఎవరో ఒకరు ఉండే ఉంటారు. కింద రాయండి. మీరు కోతలు కోసినా పర్లేదు, చదువుతాను.