పామర్రు తెల్ల అంబాసిడర్

ఈ మధ్య పాత కార్లంటే జనానికి మోజు పెరిగింది. కంపెనీలు మానేసిన బళ్ళను వెతికి, రంగులు కొట్టించి, ఆదివారాలు రోడ్డెక్కిస్తున్నారు. నాకు మోజు లేదు. ఉన్నది పగ. అదీ ఒక్క అంబాసిడర్ గురించి, ఒక్క మనిషి మీద.

పామర్రులో ఒక రైసుమిల్లు యజమానికి పద్దెనిమిదేళ్ళు తెల్ల అంబాసిడర్ నడిపాను. మంచం పట్టాక ఆయన కొడుకుని పిలిచి నా ముందే చెప్పాడు: "కారు డ్రైవరుకిచ్చెయ్‌రా. దాన్ని కన్నబిడ్డలా చూసుకుంది వాడే."

ఆయన పోయాక కొడుకు నాచేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించాడు. కారు నా పేరున మార్చే కాగితమన్నాడు. నకలు కూడా నా చేతిలో పెట్టాడు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. దాన్ని మా ఇంటిదాని పెళ్ళిచీర మడతలో దాచాను. నెల తర్వాత కారు కోసం వెళితే షెడ్డుకి తాళం.

"ఏ కారు?" అన్నాడు.

"నా పేరున రాశారు కదండీ, చినబాబుగారూ."

"ఏం రాశామో ఇంటికెళ్ళి చదువుకో పో."

గుమాస్తాలు నవ్వారు.

చదువుకున్నాను. యాభై రెండేళ్ళ వయసులో, పని పోయాక మకాం మార్చిన భవానీపురంలో, మా చర్చి వరండాలో, పాస్టరుగారి భార్య దగ్గర పలక పట్టాను. వాక్యం చదవాలని ఆత్రపడుతున్నానని ఆవిడ మురిసిపోయింది. నేను మొదట చదివింది ఆ కాగితం. నా ఇష్టంతోనే పని మానుకున్నాననీ, కారు మీద నాకే హక్కూ లేదనీ ఉంది. క్షమించమని పాస్టరుగారు ఇప్పటికీ అంటారు. ఆయన కారెవరూ తీసుకోలేదు.

పోయిన చలికాలంలో మా వీధి మొగలో ఒక ఫ్లెక్సీ కట్టారు. పాత కార్ల ర్యాలీ, కొండపల్లి దాకా. ముందు వరసలో నా అంబాసిడర్ బొమ్మ. కింద 'మా నాన్నగారి జ్ఞాపకం' అని వాడి ఫొటో. ఆ ఆదివారం ఆరాధన మానేసి, కాగితం జేబులో పెట్టుకుని ర్యాలీ మొదలయ్యే మైదానానికి వెళ్ళాను.

మైకులో పేర్లు చదివి జెండా ఊపారు. అందరికంటే ముందు వాడే కదిలాడు. సరిగ్గా గేటు మధ్యలో బండి ఆగిపోయింది. ఆ మోడల్‌కి గేరు స్టీరింగు పక్కన ఉంటుంది. తొందరపడి లాగితే రెండు గేర్ల మధ్య ఇరుక్కుంటుంది. ఇక తోసినా కదలదు. బానెట్ ఎత్తి, లోపలున్న రెండు లివర్లను చేత్తో సమానం చేయాలి. ఆ బండి నడిపి తిన్నవాడికి తెలుస్తుంది. వాడు వెనక సీట్లో పెరిగినవాడు. వెనకాల పద్మినులు, కాంటెస్సాలు, జీపులు ఒకటే హారన్లు.

అప్పుడు నన్ను చూశాడు.

"బాబాయ్! దేవుడిలా వచ్చావు. కాస్త చూద్దూ."

ఇన్నేళ్ళకి బాబాయ్‌నయ్యాను.

"చూస్తానండీ. ముందు ఒక కాగితం చదవాలి. తమరే చదువుకోమన్నారు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఆ మైకు ఇటివ్వమనండి."

నాకు గబగబా చదవడం వచ్చు. ఆ రోజు కావాలనే రానట్టు చేశాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, తడబడితే మళ్ళీ మొదటికొచ్చి చదివాను. చదివాక, పెద్దాయన మంచంలో అన్న మాటా చెప్పాను. హారన్లు ఆగిపోయాయి. వెనక పద్మినిలోంచి ఒకాయన కేకేశాడు: "ఏం గురూ, నాన్నగారి జ్ఞాపకమా, నాన్నగారి మాట తప్పిన జ్ఞాపకమా?"

జనం గొల్లుమన్నారు.

బానెట్ ఎత్తాను గానీ చెయ్యి పెట్టలేదు. ఎక్కడ పట్టుకోవాలో వేలితో చూపించాను. వాడే చెయ్యి దూర్చాడు. ఇస్త్రీ చొక్కా మోచేతి దాకా నల్లబడింది. గేరు వదులైంది.

వాడు నా చెవి దగ్గరికి వచ్చాడు. "కారు నువ్వే తీసుకో బాబాయ్. రేపే రాయించేస్తా. ఇంక పరువు తియ్యకు."

అబద్ధమెందుకు, చెయ్యి స్టీరింగు దాకా వెళ్ళింది. అయినా అన్నాను: "వద్దండీ. తమరి దగ్గరే ఉంచుకోండి. ఎవరిదని ఎవరడిగినా తమరే చెప్పుకోవాలి."

వాడు బానెట్ మూసి ఎక్కి కూర్చున్నాడు. కొండపల్లి వైపు పోతూ రెండో గేరుకి మార్చడం ఆలస్యం చేశాడు. ఇంజను మూలిగింది. 'మార్చు' అని అరవబోయి ఊరుకున్నాను.