టీచరమ్మ గ్రీకు, నా పగ

ముందుగా క్షమాపణలు. సంఘ పెద్దలకు, స్త్రీల సమాజానికి, గాయక బృందానికి, ఇంకా పుట్టని సండేస్కూలు పిల్లలకు కూడా వంగి వంగి క్షమాపణలు చెప్పుకుంటున్నాను. స్మృతి అంటే కన్నీళ్లతో రాయాలి. నేను పళ్లు కొరుకుతూ రాస్తున్నాను. ఇందులో ఎక్కడైనా భక్తి తగిలితే అచ్చు తప్పుగా భావించి మన్నించగలరు.

మా సండేస్కూలు టీచరమ్మ పోయింది. కబురు నాకు ఎచ్చెర్లలో, యూనివర్సిటీ క్యాంటీన్లో అందింది. సంఘం వాట్సాప్ గ్రూపులో "ప్రభువునందు నిద్రించారు" అని పెట్టారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. కాసేపటికి అమ్మ ఫోన్ చేసింది. "ఒరే, టీచరమ్మ ఎలిపోనాదిరా," అంది. నాకు మొదట వచ్చిన ఆలోచన దాచను: నా పగ తీరకుండా ఈవిడ ఎలా వెళ్లిపోతుంది?

ఆ పగ ఏమిటో చెప్పాలి.

మాది కళింగపట్నం దారిలో ఓ ఊరు. చిన్న బాప్టిస్టు చర్చి. అందులో నలభై ఏళ్లుగా ఆదివారం పొద్దున్న పిల్లలకు పాఠం చెప్పింది టీచరమ్మ. చదివింది ఎనిమిదో తరగతి. మిగతా రోజుల్లో అంగన్‌వాడీలో ఆయా. ఎప్పుడో శ్రీకాకుళంలో స్త్రీల కూడికకు వెళ్తే, గ్రీకు భాషలో ప్రేమకు నాలుగు మాటలున్నాయని అక్కడొక ప్రసంగీకుడు చెప్పాడట. ఈవిడ కూర్చున్నది చివరి బెంచీ. మైకు గురగురలాడుతోంది. మాటలు, ఏది ఎవరి ప్రేమో మాత్రం నోటుబుక్కులో రాసుకుంది. అర్థాలు తిరుగు బస్సులో తనే కనిపెట్టింది.

"అగాపే అంటే ఏటి?" అని అడిగేది, మమ్మల్ని చాప మీద వరసగా కూర్చోబెట్టి.

మేం నోరు తెరిచేలోపే తనే చెప్పేసేది.

"అగపడనిది! దేవుడి పేమ. అగపడదు, కానీ ఉంటాది. ఫిలియో అంటే పిలిసేది. నేస్తులది. గుమ్మంలో నిలబడి 'ఒరే, వస్తావేటి' అని పిలుస్తారు సూడు, అదన్నమాట. స్టోర్గే అంటే స్టోరు. ఇంట్లోవోలది. మీయమ్మ నీకు తెల్కుండా డబ్బాలో సున్నుండలు దాస్తాది కాదేటి, అలగ."

"మరి ఎరోస్, టీచరమ్మా?"

"అది ఎర. మొగుడూ పెళ్లాలది. మీ నాన్న గేలానికి ఏస్తాడే, అదే. దేవుడే ఏసినాడు. నేకపోతే పెళ్లిళ్లు ఎవులు సేసుకుంటారు?"

నేను నమ్మాను. ఎంతగా నమ్మానంటే, ఇంటరు చదివేటప్పుడు శ్రీకాకుళంలో చర్చీల యువతకు క్విజ్ పెడితే, చివరి రౌండులో ఆ నాలుగు మాటలూ అర్థాలూ అడగగానే గంట పగిలేలా కొట్టాను. లేచి నిలబడి, దేవదూతలు సైతం కలం తీసి రాసుకోవాలన్నంత స్పష్టంగా చెప్పాను. అగపడనిది దగ్గర హాల్లో దగ్గులు. పిలిచేది దగ్గర నవ్వులు. స్టోరు దగ్గర క్విజ్ మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఎర దగ్గరికొచ్చేసరికి బల్ల మీద తల పెట్టేశారు.

ఆ రోజు నుంచి నా పేరు ఎర. అసలు పేరు హాజరు పట్టీలో ఉండిపోయింది. తర్వాత ఎచ్చెర్లలో చేరితే, ఆ హాల్లో నవ్వినవాళ్లే ఇద్దరు అక్కడా దొరికారు. లోకమంతా 'ఏరా' అని పిలిచేచోట నన్ను 'ఎరా' అని పిలిచారు.

క్విజ్ నుంచి వచ్చిన సాయంత్రమే ఆవిడ ఇంటికి పోట్లాటకు వెళ్లాను. పెరట్లో ఎండుచేపలు తిరగేస్తోంది.

"అర్థాలన్నీ తప్పట. గ్రీకులో అలా కాదట," అన్నాను.

"గ్రీకోలకి కాకపోతే మనకేటిరా? మనకి అర్దమైనాది కదా."

"హాలంతా నవ్వారు!"

"నవ్వితే మంచిదే కదా. ఏడిసినారేటి? ముందు ఆ కాకిని తోలు."

కాకిని తోలాను. పగ పట్టాను.

వివరాలు రాస్తే సంఘం నన్ను వెలివేస్తుంది, అయినా రాస్తాను. ఆవిడ గొడుగు పుల్లలు విరిచేద్దామనుకున్నాను. సుద్దముక్కల డబ్బాలో బతికున్న పీతను పెడదామనుకున్నాను. గ్రీకు నేర్చి, గెడ్డం పెంచి, మహా పండితుడినై తిరిగొచ్చి, నిండు ఆరాధనలో నాలుగు మాటలకూ అసలు అర్థాలు చెప్పి, అప్పుడు ఆవిడ మొహం చూద్దామనుకున్నాను. ఇందులో గెడ్డం ఒక్కటే సాధించాను.

పగను సాగనివ్వని మనిషి ఆవిడ. రెండో ఏడు హాస్టల్లో నాకు పచ్చకామెర్లు వచ్చాయి. ఇంట్లో చెప్పలేదు. ఒక మధ్యాహ్నం కళ్లు తెరిస్తే, ఎవరు చెప్పారో గానీ, మంచం పక్కన టీచరమ్మ. రెండు బస్సులు మారి వచ్చింది. సంచిలో పెరుగన్నం, చెరుకు ముక్కలు.

"నువ్వు పడుకునుంటే ఇక్కడెట్టేసి అగపడకుండా ఎలిపోదుమనుకున్నాను. లేసేసినావు," అంది, నేనేదో తప్పు చేసినట్టు.

నా పగ అక్కడే కరిగిపోవాల్సింది. కానీ ప్రార్థన చేసి లేచిన మనిషి తిన్నగా వెళ్లకుండా, గదిలోవాళ్లందరినీ కూర్చోబెట్టి నాలుగు ప్రేమలూ చెప్పింది. నన్ను ఎర అని ఎందుకంటారో అప్పటిదాకా తెలియని ఇద్దరికి మూలంతో సహా తెలిసిపోయింది. పెరుగన్నం తిన్నాను. పగ రెట్టింపు చేసుకున్నాను.

కిందటేడు మా చర్చికి కొత్త అయ్యగారు వచ్చారు. పాస్టరు గారిని మేం అలాగే అంటాం. నిజంగా గ్రీకు చదివిన మనిషి. ఒక ఆదివారం ఆయన సండేస్కూల్లో చాప చివర కూర్చుని పాఠం విన్నారు. ఎర దాకా విన్నారు. ఆరాధన అయ్యాక, టీచరమ్మకు ఇక విశ్రాంతి అనీ, పై వారం నుంచి అమ్మగారు, అంటే ఆయన భార్య, పిల్లలకు చెప్తారనీ ప్రకటించి శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు.

శాలువాలో నిలబడి ఆవిడ ఒక్కటే అడిగింది. "అయ్యగోరూ, పిల్లగుంటలు నన్నేటైనా అడిగితే సెప్పొచ్చా, సెప్పకూడదా?"

"ఇకమీదట అమ్మగారిని అడగమనండి," అన్నారాయన, మర్యాదగానే.

అప్పటి నుంచి లోపల పాఠం జరుగుతుంటే, ఆవిడ బయట మెట్ల మీద కూర్చుని పిల్లల చెప్పులు జతలు కలిపేది. పిల్లలు ఊరుకుంటారా? బయటికొచ్చి ఏదో ఒకటి అడుగుతారు. "నాకు తెల్దమ్మా. అమ్మగోరినడగండి," అనేది. ఆవిడ నోట తెలియదనే మాట వినడం మాకు అదే మొదలు. నేను చూడాలనుకున్న మొహం అదే. రెండు ఆదివారాలు చూశాను. మూడో ఆదివారం పరీక్షలని చెప్పి ఊరికి వెళ్లలేదు.

టీచరమ్మ గ్రీకు గురించి అయ్యగారికి ముందే ఎవడో ఎక్కించాడని ఊరంతా అంది. అనుమానం సంఘ సెక్రటరీ గారి మీద పడింది. నేనూ ఆయన మీద పడ్డాను, అందరికంటే గట్టిగా. నెల్లాళ్లు ఆయనకు వందనాలు చెప్పడం మానేశాను. ఆ మెట్ల మీదే టీచరమ్మతో ప్రతిజ్ఞ కూడా చేశాను.

"ఎవడు చెప్పాడో తెలియాలిగానీ, వాణ్ని వదలను."

"ఒగ్గీరా," అంది ఓ బుల్లి చెప్పుకు దుమ్ము దులుపుతూ. "ఆడికి నానేటో సేసుంటాను. అది కడుపులో ఎట్టుకునుంటాడు. దాన్ని గ్రీకులో ఏటంటారో, నువ్వు పెద్ద సదువు సదువుతున్నావు కదా, సెప్పు."

నేను ఆ బుల్లి చెప్పుకు జత వెతికిచ్చాను.

భూస్థాపనలో అయ్యగారు ప్రేమ మీదే మాట్లాడారు. "అగాపే" అని ఆయన గుక్క తిప్పుకునే లోపు వెనక నుంచి పిల్లలంతా ఒకే గొంతుతో "అగపడనిది!" అన్నారు. ఆయన ఆగిపోయారు. పెట్టె వైపు చూశారు. "అవును," అన్నారు. తర్వాత చెప్పాల్సినవి పుస్తకంలో ఉన్నట్టున్నాయి, వెతుక్కున్నారు గానీ దొరకలేదు. అంత చక్కని ప్రతీకారం నా జన్మలో నేను చేయలేను.

ఎందుకంటే నేను చేసింది ఒక్కటే. సెక్రటరీ గారికి వందనాలు, పాపం, ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను. అయ్యగారు వచ్చిన రెండో వారం, చర్చి ఎదుట టీకొట్టు దగ్గర. ఆయన్ని నవ్విద్దామని నాలుగు మాటలూ ఆవిడ గొంతుతోనే, ఆవిడలాగే చెయ్యి తిప్పుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. రోడ్డు అవతల టీచరమ్మ పిల్లల్ని వరసగా దాటించడానికి నిలబడి ఉంది. ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు, అందరికంటే ముందున్న పాప ఆవిడ చెంగు పట్టుకుంది. నన్ను చూసి టీచరమ్మ గొడుగున్న చెయ్యి పైకెత్తి ఊపింది. నేనూ ఊపాను, రెండో చేతిలో టీ గ్లాసుతో.