మా సబ్‌డివిజన్ మాజీ ఎమ్మెల్యే

అమెరికాలో, జార్జియా రాష్ట్రం కమ్మింగ్ ఊళ్ళో మా పక్కింటి మామ్మగారికి ఎనభై దాటాయి. అమెరికనావిడ. మా సబ్‌డివిజన్, అంటే మా ఇళ్ళ కాలనీ, ఉన్న నేలంతా ఒకప్పుడు వాళ్ళ ముత్తాత పొలమే. ఆయన పత్తి, మొక్కజొన్న పండించిన రైతు. ఓసారి గెలిచి రాష్ట్ర అసెంబ్లీలో కూర్చున్నాడు కూడా. ఏటా ఓ శనివారం ఈవిడ లైబ్రరీలో ఆయన కథ చెబుతారు. కిందటేడు వినడానికి వెళ్ళింది నేనొక్కదాన్నే. ఈసారి కూడా ఖాళీ కుర్చీలే అయితే ఇక ఆపేద్దామని లైబ్రరీవాళ్ళు చెప్పేశారట. ఆ మాట చెబుతూ మామ్మగారు ముఖం చిన్నబుచ్చుకున్నారు.

ఊరుకుంటానా? మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. "రైతుబిడ్డ, మన ఏరియా మాజీ ఎమ్మెల్యే గారి గురించి సభ. వారి కుటుంబసభ్యులు మాట్లాడతారు. ఇడ్లీ, వడ ఉన్నాయి." ఒక్క అబద్ధం లేదు. ఏ శతాబ్దమో రాయలేదు, అంతే!

శనివారం హాలు కిక్కిరిసిపోయింది. రాజకీయాలంటే చెవి కోసుకునే మా వీధి అంకుల్ శాలువా, పూలదండతో సహా దిగారు.

"ఎమ్మెల్యే గారు ఏరమ్మా?"

"కాలం చేశారండీ."

"అయ్యయ్యో! ఎప్పుడు?"

"నూరేళ్ళు దాటింది."

ఆయన చూసిన చూపుకి నేను అక్కడే బూడిదైపోవాలి. అందరూ లేచిపోతారేమోనని గబగబా వడల పళ్ళెం తిప్పాను. వడలు ఇంకా వేడిగా ఉండటం నా అదృష్టం, ఎవరూ కదల్లేదు.

మామ్మగారు మొదలుపెట్టారు. ఆ రోజుల్లో ఆవులూ పందులూ ఇష్టమొచ్చినట్టు తిరిగేవట. పైరు కాపాడుకోవాలంటే రైతే కంచె వేసుకోవాలి. పశువు ఎవరిదైతే వాళ్ళే కట్టేసుకోవాలని వాళ్ళ ముత్తాత అసెంబ్లీలో బిల్లు తెచ్చాడు.

"మా ఊళ్ళో అయితే బందెలదొడ్డికి తోలేవాళ్ళం!" అంటూ అంకుల్ లేచి నిలబడ్డారు. చేలో పడ్డ పరాయి పశువుల్ని పట్టుకెళ్ళి కట్టేసే చోటు అదని మామ్మగారికి చెప్పేసరికి ఆవిడ కళ్ళు మెరిశాయి. ఇక చూడండి, ప్రశ్నలే ప్రశ్నలు. ఏ పార్టీ? పొలం లేని పేదవాడి ఆవు ఎక్కడ మేయాలి? మళ్ళీ నిలబడ్డాడా? గెలిచాడా?

ఆవిడ బల్లమీదున్న ముత్తాత ఫొటో వైపు తిరిగారు. ఆ సంగతి నాతో కూడా ఎప్పుడూ అనలేదు.

"ఓడిపోయాడు. పొలం లేనివాళ్ళందరూ ఎదురు తిరిగారు. ఇంటికొచ్చి మళ్ళీ నాగలి పట్టాడు."

"అయ్యో!" అంది హాలంతా ఒక్క గొంతుతో, పొద్దున్నే కౌంటింగ్ చూసొచ్చినట్టు.

మామ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. "ఆయన ఓడినందుకు బాధపడేవాళ్ళని నా జన్మలో ఇవాళే చూశాను."

అంకుల్ దండ తీసుకెళ్ళి ఆయన ఫొటోకి వేశారు. శాలువా మామ్మగారికి కప్పారు. కప్పుతూ, అలవాటైన ఓదార్పు కదా, నోరు జారారు: "ఫర్వాలేదండీ, నెక్స్ట్ టైమ్ గెలుస్తారు!"

హాలు గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మామ్మగారే. ఆ నవ్వుతోనే లైబ్రరీ మేనేజర్ వైపు తిరిగారు.

"విన్నావుగా? నెక్స్ట్ టైమ్ ఉంది."