ఎండుచేపల మూట

కోట ఊళ్లో నెల్లూరు బస్సెక్కిన ఆ మనిషిని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మడత నలగని తెల్లచొక్కా, ఒళ్లంతా సెంటు. దారిలో ఏదో వాసన గుప్పుమనగానే కర్చీఫు ముక్కుకు అడ్డం పెట్టుకుని లేచాడు.

“ఎవురయ్యా ఎండుచేపలు తెచ్చింది? కండక్టరూ, ముందా మూట దించేయ్!”

మా వైపు బస్సుల్లో ఏ వాసనొచ్చినా నింద ఎండుచేపల మీదికే పోతుంది. కండక్టరు వంగి సీట్ల కింద వెతకసాగాడు. నా పక్కన పసిపాపను ఒళ్లో పెట్టుకుని ఒకమ్మాయి ఎక్కినప్పటి నుంచీ ఏడుస్తూ ఉంది. ఆమె గబగబా పాప గౌను పైకెత్తి, పొట్టకు అతికించిన సంచిని తడిమి చూసింది. ఒక్కసారిగా ముఖమంతా నవ్వయింది.

“చేపలు కాదన్నా, మా పాపదే! పుట్టుకతోనే పేగు పనిచేయలేదని పొట్ట మీదికి తీసి సంచి పెట్టినారు. నిన్నటి నించి సంచిలోకి ఏమీ రాలా. పేగు మూసుకుపోయిందేమో, మళ్లీ కోస్తారేమోనని భయపడి ఆసుపత్రికి పోతా ఉండా. ఇప్పుడొచ్చిందన్నా!”

అంతటి శుభవార్తకు ఆ పెద్దమనిషి “ఛీ” అని వెనక సీట్లోకి పోయాడు.

నేను లేచి కిటికీ తెరిచాను, అతను వదిలిపోయిన సెంటు కంపు పోవడానికి.