యారాడ కొండ కింద చెలమ

నా భార్య సుశీల యారాడ బడిలో తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక పల్లెవాళ్ళ చెలమ నీళ్ళే తాగేది. కొండకూ సముద్రానికీ మధ్య ఇసుకలో మోచేతి లోతు తవ్వితే ఊరే నీళ్ళవి. ఆసుపత్రిలో చివరి వారం ఆ నీళ్ళు అడిగింది. కాచినవి తప్ప ఇవ్వొద్దన్నారు. నేను వెళ్ళలేదు. ఆమె పోయి ఏడాది నిండిన రోజున, 2005 వేసవిలో, పటం ముందు ఒక గ్లాసు పెడదామని బయలుదేరాను.

ఉదయం ఐదున్నరకు ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర సిటీబస్సు ఎక్కి ఆరు దాటాక సింధియాలో దిగాను. అక్కడి నుంచి యారాడకు బస్సులు తక్కువ. ఆటో అతను నూట ఇరవై అడిగి వందకు ఒప్పుకున్నాడు. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే వెనక రేవు క్రేన్లు కనిపించాయి. నా చేతిలో ఖాళీ సీసా చూసి అతను నవ్వాడు.

"సముద్రం కాడికి మంచినీల్లకెల్తన్నారా సార్? గాజువాక ట్యాంకరోడు వింటే ఏడుత్తాడు."

"చెలమ ఉంది కదా?"

"ఉండీది. ఇప్పుడెలగుందో నాను సూణ్ణేదు."

పల్లె దాటి నడిచాను. సుశీల ఒకప్పుడు చూపించిన చోట గుంట ఎండిపోయి ఉంది. అంచున తెల్లగా ఉప్పు పేరుకుంది. కొంచెం ఎగువన, కొండ మొదట్లో, కొత్త చెలమలోంచి ఒక ముసలామె కొబ్బరి చిప్పతో నీళ్ళు తోడుతోంది. పేరు నూకాలమ్మ అని చెప్పింది. పక్కన మూడు బిందెలు వరసలో ఉన్నాయి.

"అది సచ్చిపోనాది బాబూ. ఎవులో ఈ ఏడు తోటకని మోటారెట్టి రెండు నెల్లు లాగినారు. కొండ దిగే నీరెంతని దిగుద్ది? సముద్రం లోనికొచ్చీసినాది."

కాలేజీలో భూగర్భశాస్త్రం చదివాను. ఆమె చెప్పింది సరిగ్గా అదే. కొండ మీద పడ్డ వాన రాతి పగుళ్ళలోకి ఇంకి, మెల్లగా దిగి, అడుగున ఇసుకలో చేరుతుంది. వానల్లేని నెలల్లో చెలమను నిలబెట్టేదీ, ఉప్పునీటిని అవతలకు నెట్టిపెట్టేదీ ఆ నీరే. దిగేదానికంటే ఎక్కువ తోడితే సముద్రం లోపలికి వస్తుంది.

ఆమె నన్ను పరకాయించి చూసింది. "తమరు టీచరమ్మగోరి ఇంటాయన కాదేటి? ఆవిడ రానేదా?"

"పోయింది. ఏడాదైంది."

చిప్ప ఆగింది. "మాకు సెప్పనేదేటి బాబూ?"

ఆమె తన బిందె పక్కకు జరిపి నా సీసా అందుకుంది.

"వరసలో మేం నేమేటే? సీసాకి ముందేటి?" వెనక నుంచి ఒకామె అరిచింది.

"నోర్ముయ్యే. నీ కూతురికి అఆలు దిద్దించింది ఆవిడే."

ఒక చిప్ప తోడాక మళ్ళీ ఊరేదాకా ఆగాలి. సీసా సగం నిండడానికి అరగంట పట్టింది. గుక్కెడు తాగాను. నాలుక చివర ఉప్పు తగిలింది. నూకాలమ్మ నా ముఖం చూసి తల దించుకుంది.

కొండలోంచి దిగే నీరు ఈ ఏటిదే అయి ఉండనక్కర్లేదు. రాతిలో ఏళ్ళు గడిపి వస్తుంది. నేను తెచ్చింది, సుశీల ఆ బడికి వెళ్ళే రోజుల్లో తడిసిన వానే కావచ్చు. ఇంటికొచ్చి గ్లాసులో పోసి పటం ముందు పెట్టాను. ఆమె అడిగినప్పుడు అది తియ్యగానే ఉండేది.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. చిన్న సీసా తీసుకెళ్ళండి, అడిగి పట్టుకోండి. మీ సీసా నిండేంతసేపూ అక్కడ ఒక బిందె ఖాళీగా ఉంటుంది.