అత్త మళ్ళీ మోకరించిన ఆదివారం

పోయిన బుధవారం మధ్యాహ్నం మా మేనత్త చనిపోయింది. అన్నం తిని నడుం వాల్చిన మనిషి, టీకి లేపితే లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఆమె కోడలు ఫోనులో ఏడుస్తా చెప్తుంటే, ఇప్పుడే గదా కాలు బాగైంది, ఇప్పుడా తీసుకుపోయేది అని దేవుడి మీద కోపమొచ్చింది నాకు. ఇంకా తగ్గలా.

వ్యాసర్పాడిలో మాదీ అత్తదీ ఒకటే వీధి. అత్త బళ్ళో ఆయాగా చేసేది. ఒక వానాకాలం బడి మెట్ల మీద జారి ఎడమ మోకాలు మెలిపడింది. లోపల గుజ్జు చిరిగిందని ఆపరేషన్ చేసి ఆ ముక్క తీసేశారు. కొన్నేళ్ళు బాగానే తిరిగింది. తర్వాత ముక్క తీసిన పక్కే ఎముక అరుగుతా వచ్చి, సాయంత్రానికి మోకాలు వాచిపోయేది. "నొప్పికి మర్యాదలు చెయ్యబాకు మే, తిష్ట వేసుక్కూర్చుంటుంది" అనేది నాతో, కాపడం పెట్టుకుంటా.

మా ప్రార్థన మందిరంలో ఆడోళ్ళంతా చాపల మీద కూర్చుంటారు. చివరి ప్రార్థనకు అందరూ మోకరించాల. అది చేతగానోళ్ళకు గోడవార కుర్చీలు. మెట్లెక్కలేకపోతే ఏడవని మనిషి, ఆ కుర్చీలో కూర్చోవాల్సొచ్చినప్పుడు ఏడ్చింది. "పెళ్ళికొచ్చిన చుట్టం మాదిరి ఉంది మే ఈడ కూర్చుంటే" అనింది.

మోకాలు మొత్తం మార్చక్కర్లేదు, అరిగిన పక్క మాత్రం మారిస్తే చాలన్నారు డాక్టరు. అత్త అడిగింది ఒకటే, మళ్ళీ మోకరించొచ్చా అని. నడక బాగుంటుంది, మోకరించడం మాత్రం కొందరికే కుదురుతుంది, మాటివ్వలేనన్నారాయన. "సెరి, చెయ్యండి సార్" అనేసింది.

ఆపరేషన్ ముందు ఆదివారం మా పాస్టరుగారు కళ్ళు మూసుకొని, మా చెల్లెలి కుడి మోకాలిని ముట్టండి ప్రభువా అని మొదలుపెట్టారు. అందరూ ఆమెన్, ఆమెన్ అంటున్నారు. అత్తకు గాభరా పుట్టి కుర్చీలోనుంచే అరిచింది. "ఎడమది అయ్యగారూ! ఎడమ కాలు!" ఆయన కళ్ళు తెరవకుండానే, "ఎడమ మోకాలిని ప్రభువా" అన్నారు. నవ్వాపుకోలేక చచ్చాం.

ఆపరేషనైనాక నడక తొందరగానే వచ్చింది. మోకరించడమే రాలా. వ్యాయామాలు నేర్పే అమ్మాయి సరేనన్నాక, మంచం మీద దిండేసి కొంచెం కొంచెంగా మోకాలు ఆనించేది. "మొద్దుబారినట్టుంది మే, ఎవరిదో కాలు తెచ్చి పెట్టినారు" అని తిట్టుకునేది. మానమంటే నామీద ఎగిరేది.

ఒక ఆదివారం కుర్చీ వదిలేసి, దిండు చంకలో పెట్టుకొని ఆడోళ్ళ మధ్యకు పోయింది. చివరి ప్రార్థనకు పక్కామె భుజం పట్టుకొని మెల్లగా దిగింది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయా, పడిపోద్దేమోనని భయం. పడలా. ఇంటికి పోతా "ఏం అడిగినావత్తా?" అంటే, "ఏమీ అడగలా మే. అందరితో పాటు ఆడ ఉన్నా, అంతే" అనింది.

అత్తను తలచుకుంటే మొహం కంటే ముందు నాకు ఆ పూటే గుర్తొస్తోంది. వెనకున్నోళ్ళకు ముందు వరసలో మోకరించినోళ్ళ అరికాళ్ళే కనపడతాయి. ఆ వరసలో, అన్నేళ్ళ తర్వాత, మా అత్తవి. మడమలు పగిలి, చాప నార అచ్చులు పడి, ఎడమ పాదం సన్నగా వణుకుతా.