నేను ఊడదీసిన తీగలు

రాజన్న ఇంట్లో వాళ్ళు నన్ను దేవుడంటారు. ఆ మాట ఎంత బరువో ఎవరికైనా చెప్పాలి. ఏళ్ళుగా మోస్తున్నాను. తిట్టయితే ఎప్పుడో దించుకునేవాణ్ణి. మెచ్చుకోలు కాబట్టి ఎక్కడ దించాలో తెలియలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పంతొమ్మిది వందల అరవైలలో వరంగల్ స్టేషన్ రోడ్డులో నాకు బ్యాటరీలు చార్జింగ్ చేసే దుకాణం ఉండేది. రాజన్న నాకంటే కొంచెం పెద్దవాడు. ఖిలా వరంగల్‌లో మట్టికోట పక్కన, రేకుల షెడ్డులో వెల్డింగ్ చేసేవాడు. చుట్టరికం లేదు. అయినా నాకు ఆయన అన్న, ఆయనకు నేను తమ్మి.

మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న ఒక జీపు, ఇంజనూ చట్రమూ తప్ప ఏమీ మిగలనిది, ఆయన చేతికి వచ్చింది. దాంతో బురదలో, రాళ్ళలో పోయే బండి చేద్దామన్నాడు. వానాకాలం వస్తే బస్సు మొహం చూడని ఊళ్ళు మా చుట్టూ చాలానే ఉండేవి. ఇనుప పైపులు వంచి పంజరంలా కట్టాడు. గోనెసంచుల్లో కొబ్బరిపీచు కుక్కి సీట్లు చేశాడు. తీగల పని నాది. ఇంజను తిరిగితే డైనమో కరెంటు పుట్టించాలి, ఆ కరెంటు బ్యాటరీని నింపుతుండాలి, బ్యాటరీ నుంచి ఇంజనుకు నిప్పురవ్వ అందాలి. డైనమో తీగ తెగితే బ్యాటరీలో ఉన్నంతసేపే బండి నడుస్తుంది. తర్వాత ఆగిపోతుంది. అలాంటప్పుడు హెచ్చరించడానికి స్టీరింగ్ ముందు ఒక ఎర్రదీపం పెట్టాను. అది వెలగనంతసేపూ అంతా బాగున్నట్టే. రాజన్నకు నేను నేర్పింది అంతే.

బండి తయారయ్యాక మట్టికోట గట్టు మీదికి ఎక్కించాడు. చూడటానికి జనం వచ్చారు. అడవి పనులు చేయించే కాంట్రాక్టర్ ఒకాయన కూడా వచ్చాడు. ఎవరు చేశారని ఆయన అడిగాడు. రాజన్న నవ్వుతూ "నేనే" అన్నాడు.

అంతే. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నా చేతులకింకా యాసిడ్ మరకలున్నాయి. ఆయన కావాలని అనలేదు. సంతోషంలో ఉన్న మనిషి నోట ఆ ఒక్క మాటే వస్తుంది. ఈ సంగతి నాకిప్పుడు తెలుసు. అప్పుడు తెలియదా? తెలుసు. తెలిసీ ఆ మాటను ఇంటికి తీసుకుపోయాను, తిండి దగ్గర పెట్టుకున్నాను, పక్కలో పెట్టుకున్నాను.

కాంట్రాక్టర్ పాలంపేట దాకా బండిలో పోయి చూస్తానన్నాడు. నచ్చితే రాజన్న చేత ఇంకా చేయిస్తాడట. వాళ్ళు బయలుదేరేరోజు పొద్దున షెడ్డుకు పోయాను. రాజన్న స్నానానికి పోయాడు. నేను వంగి డైనమో తీగ ఊడదీశాను. బండి దారిలో ఆగుతుంది. మనిషిని పంపుతారు. నేను పోయి, అందరి ముందూ తీగ కలిపి, బండిని లేపుతాను. అప్పుడు తెలుస్తుంది ఎవరు చేశారో. నేను కోరుకున్నది అంతే అని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో!

కానీ ఎర్రదీపం తీగ కూడా ఊడదీశాను. ఒక్క తీగయితే కోపంలో చేశానని అనుకోవచ్చు. రెండోది? రాజన్నకు ముందే తెలిసిపోకూడదని ఆలోచించి తీశాను. ఆలోచించి చేసిన దానికి ఏం పేరు పెట్టను?

ఆరోజు ముసురు. దీపాలు వేసుకునే పోయారు, అవీ బ్యాటరీనే తాగాయి. పాలంపేట ఇంకా కొంత దూరం ఉందనగా వాగు దాటి ఒడ్డెక్కుతుంటే ఇంజను ఆగిపోయిందట. కాంట్రాక్టర్‌ను బ్రేకు తొక్కి పట్టుకోమని చెప్పి, రాజన్న దిగి చక్రం వెనక రాయి పెట్టబోయాడు. బ్రేకు మీద కాంట్రాక్టర్ తడి బూటు జారింది. బండి వెనక్కి దొర్లింది. రాజన్న కుడికాలు బండికీ బండరాయికీ మధ్య నలిగింది. మోకాలి కింద తీసేశారు.

ఇంతవరకు చెప్పింది ఒక తప్పు. ఇంకోటి ఉంది. కబురు తెలిశాక నేను మొదట దవాఖానకు పోలేదు. లారీకి కట్టి బండిని షెడ్డుకు లాక్కొచ్చారని విని అక్కడికి పోయాను. రెండు తీగలూ కలిపాను. మట్టి అంటించి కొత్తగా కలిపినట్టు కనబడకుండా చేశాను. ఆ తర్వాత ఆయన్ను చూడబోయాను.

మంచం మీద మొహం పాలిపోయి పడుకున్నాడు. నన్ను చూసి చెయ్యి పట్టుకున్నాడు.

"బండిని చూసినవా తమ్మీ?"

"చూసిన అన్నా."

"వైరింగ్ మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది."

"నాకెరుకే. నీ చేతిపనిల తప్పుండదు. వాగు నీళ్ళు ఇంజన్లకు పోయినట్టున్నయ్. మూత నేనే సక్కగ పెట్టలే. తప్పు నాదే. నువ్వు ఫికర్ చెయ్యకు."

నా నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా నిజమే. చూశాను, తీగలు బాగానే ఉన్నాయి. నిజాలతో అంత పెద్ద అబద్ధం కట్టవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

కాంట్రాక్టర్ మళ్ళీ రాలేదు. బండిని రాజన్నే ముక్కలు కోయించాడు. మళ్ళీ ఏ బండీ చెయ్యలేదు. ఇనుమును చూస్తే చాలు దాన్ని ఎలా వంచాలో తెలిసే మనిషి, వెల్డింగ్ వదిలేశాడు. ఆయన్ను నా దుకాణంలోకి తెచ్చుకున్నాను. కూర్చుని డైనమోలకు తీగ చుట్టే పని ఇచ్చాను. బజారంతా నన్ను మెచ్చుకుంది. సొంత తమ్ముడు కూడా ఇట్లా చూడడన్నారు. ఆయన భార్య లచ్చక్క మా గుమ్మంలో నిలబడి, "నువ్వు దేవునసొంటోనివి తమ్మీ," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను తలవంచుకున్నాను. అది వినయమనుకుంది.

అది దయేనా? ఆయన్ను పోషించడానికి దగ్గర పెట్టుకున్నానా, ఎప్పుడైనా అనుమానం వస్తుందేమో కనిపెట్టడానికా? రెండూ నిజమే అనుకుంటాను. రెండోది ఎక్కువ నిజం. చెప్పాలని అనుకున్న ప్రతిసారీ ఏదో అడ్డం వచ్చింది. ఆయన కూతురి పెళ్ళి, మా అమ్మ చావు, దుకాణం మార్చడం. అడ్డం రానప్పుడు నేనే తెచ్చుకున్నాను.

రాజన్న బతికే ఉన్నాడు. ఇది రాస్తుంటే దుకాణం ముందు గదిలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు, గొంతు వినబడుతోంది. లేచి పోయి చెబితే నాలుగడుగుల దూరం. పోవడం లేదు. చెప్పాల్సిన మనిషిని వదిలి మీకు చెబుతున్నానని నాకు తెలుసు. ఇదీ పిరికితనమే. క్షమించమని అడగను. క్షమించడానికి మీరెవరు? క్షమించగలిగినవాడికి క్షమించాల్సింది ఉందనే తెలియదు.

అయినా ఒక్కసారి, ఎవరూ మెచ్చుకోని మాట ఒకటి నా చేత్తో రాయాలనిపించింది. రాజన్న కాలు పోగొట్టింది వాగు కాదు, నేను.

రాశాను. తుడిచెయ్యలేదు.